గ్రూపులో పెట్టినాం గదా!

పెళ్ళి పంక్తిలో కూర్చున్న పుత్తూరు అత్తకు ఆకులో అన్నీ సరిగ్గానే పడతాయి. అయినా ముఖం తేటగా ఉండదు. కాస్త కదిపితే బయటికొచ్చే మాట ఒకటే: "మాకెవురు చెప్పినారు? బజార్లో ఎవురో అంటే తెలిసె." అటునుంచి వచ్చే జవాబు కూడా ఈ మధ్య ఒకటే అయిపోయింది: "గ్రూపులో పెట్టినాం గదత్తా, చూసుకోలేదా?"

ఇద్దరి మాటా నిజమే. పెట్టడమూ నిజం, చెప్పకపోవడమూ నిజం. పెద్ద కుటుంబంలో కబురు రెండు పనులు చేస్తుంది. విషయం తెలియజేయడం ఒకటి, 'నువ్వు మాకు ఫలానా వరుస' అని ఒప్పుకోవడం ఇంకొకటి. వాట్సాప్ గ్రూపు మొదటి పనిని అరకొరగా చేస్తుంది. రెండోది దానివల్ల కాదు. కబురును గొంతుతో చెప్పాలి, గ్రూపును రాసిపెట్టుకునే పలకగా మాత్రమే వాడాలి అన్నది నా వాదన. ఈ క్రమం తిరగబడిన ఇళ్ళల్లోనే అలకలు ఎక్కువ.

ఉత్తరాల కాలంలో శుభలేఖ మూలలకు పసుపు ఉండేది. చావు కబురు మోసే కార్డుకు మూలన నల్ల సిరా రాసేవాళ్ళు, లేదంటే మూల చించేవాళ్ళు. చదివాక దాన్ని ఇంట్లో ఉంచుకోకుండా చింపి పారేసేవాళ్ళు. అక్షరం రాని అవ్వకు కూడా చేతికి రాగానే అది ఏ కబురో తెలిసేది. తంతి, అంటే టెలిగ్రాం, అయితే విప్పకముందే ఇంట్లో ఏడుపు మొదలయ్యేది. ఆ తంతి సేవ 2013 జూలైలో ఆగిపోయింది. ఇప్పుడు చావు కబురూ, గులాబీ పువ్వు మీద శుభోదయమూ ఒకే మోతతో, ఒకే తీరుగా వచ్చి పడుతున్నాయి. నలభై మంది రోజుకు రెండేసి బొమ్మలు పంపే గ్రూపులో ఆ ఒక్క కబురు ఎనభై బొమ్మల కింద ఉంటుంది. చూసుకోలేదా అని అడగడం సులభం.

తిరుపతి వాళ్ళకైతే తాతయ్యగుంట గంగమ్మ జాతరతో పోల్చి చెబితే తొందరగా తెలుస్తుంది. చాటింపు ఊరందరికీ వేస్తారు. అది పడ్డాక జాతర ముగిసేదాకా ఊరి పొలిమేర దాటకూడదన్నది పాత కట్టుబాటు. అదే గంగమ్మకు అవిలాల నుంచి పుట్టింటి సారె వస్తుంది. దాని వరుస వేరు, మర్యాద వేరు. గ్రూపు చాటింపులాంటిది. పుట్టింటి వాళ్ళకు చాటింపుతో సరిపెడతామా?

ఎవరికి ముందు చెప్పాలన్నది సందర్భాన్నిబట్టి మారుతుంది. కాన్పు పుట్టింట్లో అయితే మొదటి ఫోను అత్తింట్లో ఉన్న నాయనమ్మకు, తాతకు. అది బిడ్డ తండ్రి నోటినుంచి వెళ్ళడం మేలు. చెప్పాల్సినవి నాలుగు: ఆడబిడ్డా మగబిడ్డా, పుట్టిన టైము, బరువు, తల్లి ఎట్లుందన్నది. ఈ నాలుగోది మరిచిపోయే ఇళ్ళు చాలా ఉన్నాయి, అది సిగ్గుపడాల్సిన సంగతి. టైము "పొద్దున్నే" అంటే చాలదు. లగ్నం దాదాపు రెండు గంటలకోసారి మారుతుంది, నక్షత్ర పాదం సుమారు ఆరు గంటలు. జాతకం రాయించే ఇల్లయితే నిమిషాలతో సహా అడుగుతారు. ఆసుపత్రి కాగితం మీద ఉన్న టైమునే రాసిపెట్టుకోవాలి. ఆ తర్వాత దాయాదులకు చెప్పాలి, ఎందుకంటే పురిటి మైల వాళ్ళకూ ఉంటుంది. ఆ పది రోజుల్లో వ్రతమో, గుడి మొక్కో పెట్టుకున్న వాళ్ళు ఉండొచ్చు.

పుట్టువెంట్రుకల కబురుకు ఇంకో లెక్క ఉంది. తిరుమల కొండమీద కల్యాణకట్టలో గుండు ఉచితమే, ఎప్పుడు పోయినా అవుతుంది. ఇబ్బందంతా దర్శనం దగ్గర. 300 రూపాయల ప్రత్యేక ప్రవేశ దర్శనం టికెట్లను దాదాపు మూడు నెలల ముందే ఆన్‌లైన్లో వదులుతారు, నిమిషాల్లో అయిపోతాయి. కాబట్టి తేదీ అనుకున్న ఇల్లు మూడున్నర, నాలుగు నెలల ముందే మేనమామతో మాట్లాడి ఉండాలి, బిడ్డ కూర్చునేది ఆయన ఒళ్ళోనే గదా. టికెట్లన్నీ తీసుకున్నాక "మామా, ఫలానా రోజు వచ్చేయ్" అంటే, రానని అనడు. కానీ ఆ మాట చాలా ఏళ్ళు గుర్తుంటుంది.

పెళ్ళి సంగతి పొడిగించను. తాంబూలాలు మార్చుకోకముందు ఎక్కడా రాయకండి. తర్వాత బొట్టు పెట్టి పిలవాల్సిన ఇళ్ళకు వెళ్ళి పిలవండి, దూరాన ఉన్నవాళ్ళకు ఇద్దరూ ఫోనులో ఉండి పిలవండి, ఆ తర్వాతే కార్డు బొమ్మ పంపండి. ఒక్కటి మాత్రం గట్టిగా చెప్పాలి. పెళ్ళి పత్రిక పేరుతో ఏపీకే ఫైలు వస్తే తెరవకూడదు. అది పత్రిక కాదు, ఫోనులోకి దూరి ఓటీపీలు లాగే దొంగ యాప్. మన పత్రిక బొమ్మగానో పీడీఎఫ్‌గానో మాత్రమే వస్తుందని పెద్దవాళ్ళకు ముందే చెప్పిపెట్టాలి. డబ్బు పోతే వెంటనే సైబర్ మోసాల ఫిర్యాదు నంబరు 1930కి ఫోన్ చేయాలి. ఎంత తొందరగా చేస్తే అంత ఆశ.

చావు కబురు దగ్గర తప్పు జరిగితే దిద్దుకునే అవకాశం ఉండదు. పోయింది ఆడమనిషి అయితే పుట్టింటికి మొదటి ఫోను వెళ్ళాలి. చాలా కులాల్లో పుట్టింటి చీర రాకుండా శవాన్ని ఎత్తరు, వాళ్ళు బయల్దేరితేగానీ టైము ఖాయం కాదు. తర్వాత దాయాదులకు, ఎందుకంటే మైల ఆ నిమిషం నుంచే. మన జిల్లాల్లో దీనికి ఇంకో చిక్కు కూడా ఉంది. ఏ దాయాది ఇల్లయినా ఏ రోజైనా కొండమీద ఉండొచ్చు. క్యూలోకి ఫోన్లు రానివ్వరు, ముందే డిపాజిట్ చేసి పోవాలి. పొద్దున్నే పంపిన కబురును వాళ్ళు దర్శనం అయ్యి, లడ్డూలు తీసుకుని, ఫోను చేతికొచ్చాక మధ్యాహ్నం చూస్తారు. కొండకు పోతున్నామని ముందురోజు ఎవరో ఒకరికి చెప్పి పోవడం అందుకే పాత ఇళ్ళల్లో అలవాటు. ఆ అలవాటును గ్రూపు చంపేసింది. ఇప్పుడు గోపురం ముందు ఫోటో దిగాకే సంగతి తెలుస్తుంది.

ఇక లెక్కకు వద్దాం. నూట ఇరవై మంది, ముప్పై ఇళ్ళు ఉన్న కుటుంబం అనుకుందాం. అన్నదమ్ముల, అక్కచెల్లెళ్ళ సంతానాన్నిబట్టి అయిదు తట్లు, అంటే అయిదు శాఖలు. కబురున్న ఇంటివాళ్ళే ముప్పై ఇళ్ళకూ ఫోను చేస్తే, ఒక్కోటి మూడు నిమిషాల చొప్పున తొంభై నిమిషాలు. నిజానికి ఏడుపులు, ఎత్తనివాళ్ళు, తిరిగి చేసేవాళ్ళు కలిసి మూడు గంటలు. ఆ మూడు గంటల్లో ఆ ఇంటి మనిషి చేయాల్సిన పనులు వేరే ఉంటాయి. అదే తట్టుకొక మనిషిని ముందే అనుకుని ఉంటే, ఇంటివాళ్ళు చేయాల్సింది అయిదు ఫోన్లు, పదిహేను నిమిషాలు. ఆ అయిదుగురూ తలా అయిదారు ఇళ్ళకు చేస్తారు. అరగంట, ముప్పావుగంటలో ముప్పై ఇళ్ళకూ గొంతుతో కబురు అందుతుంది.

తట్టు మనిషిగా ఎవరిని పెట్టాలన్నదే అసలు పని. అందరికన్నా పెద్దాయనను పెడితే ఆయనకు ఫోను సరిగ్గా వినపడదు. అందరికన్నా చిన్నవాణ్ణి పెడితే ఎవరికి ఏ వరుసో తెలియదు. నలభై, యాభై మధ్య వయసున్న కోడలు గానీ ఆడపడుచు గానీ సరిపోతుంది. రెండు వైపుల వరుసలూ ఆమెకే తెలిసుంటాయి. ప్రతి మనిషికీ ఒక మారు మనిషి ఉండాలి, రెండు సార్లు ఎత్తకపోతే మారు మనిషికి చేయాలి. కువైట్లో ఉన్నవాళ్ళకు మనకన్నా రెండున్నర గంటలు వెనక, అంటే మన తెల్లవారుజాము నాలుగున్నరకు అక్కడ రాత్రి రెండు. చావు కబురైతే లేపాల్సిందే, ప్రయాణానికి టికెట్టు దొరకాలి గదా. మార్కుల కబురుకు లేపకండి.

పక్షవాతం వచ్చిన తాత, గుండె జబ్బున్న పెద్దమ్మ ఉన్న ఇంటికి నేరుగా వాళ్ళ ఫోనుకే చేయడం పెద్ద తప్పు. ఆ ఇంట్లో ఇంకో మనిషికి చేసి, "పక్కన ఎవరున్నారు?" అని అడిగాకే మాట మొదలుపెట్టాలి.

ఫోన్లు తిరిగాక గ్రూపులో రాయాలి. ఇక్కడే రాత ముఖ్యం. అందరూ పెట్టే తీరు ఇది: "మామ ఇక లేరు. ఓం శాంతి." నూట ఇరవై మందిలో పాతిక మంది ఎవరో ఒకరికి మామలే. ఈ ఒక్క వాక్యానికి యాభై ఫోన్లు వస్తాయి, అందులో కొన్ని బతికున్న మామలకే పోతాయి. ఇలా రాస్తే సరిపోతుంది:

"పాకాల పెద్దనాయన (ఇంటిపేరు, పేరు, పెద్దింటి రెండో కొడుకు) 14వ తేదీ శనివారం తెల్లవారుజామున 4.20కి పాకాలలో ఇంట్లోనే కాలం చేశారు. 15వ తేదీ ఆదివారం పగలు 11 గంటలకు, మన టైము, ఎత్తుతారు. దహనం పాకాలలోనే. చిన్న కొడుకు కువైట్ నుంచి బయల్దేరాడు, అతని కోసమే ఆపింది. దారికీ, వాహనానికీ రెండో అల్లుడికి ఈ నంబరుకు చేయండి. పెద్దమ్మకు ఈ రోజు ఫోన్లు వద్దు."

వరుస ఒక్కొక్కరికి ఒక్కోలా మారుతుంది గనక ఊరు, పేరు, ఎవరి సంతానమో చెప్పాలి. "రేపు" అని ఎక్కడా లేదు, కారణం ఉంది. రాత్రి పదిన్నరకు రాసిన "రేపు" పొద్దున చదివినవాళ్ళకు ఎల్లుండి అయిపోతుంది. దహనమా ఖననమా, ఎక్కడ అన్నది రాయకపోతే సగం మంది ఇంటికి, సగం మంది నేరుగా శ్మశానానికి పోయి ఎదురుచూస్తారు. ఎందుకు ఆపారో చెప్పకపోతే దానిమీద కథలు పుడతాయి. చివరి రెండు మాటలు ఇంటివాళ్ళకు ఊపిరి తీసుకునే వీలిస్తాయి.

ఇంకో మాట. ఆసుపత్రిలో వెంటిలేటర్ మీద ఉండగానే ఎవరో తొందరపడి ఆర్ఐపీ పెట్టేస్తారు. వాట్సాప్‌లో రాసింది పదిహేను నిమిషాల్లోపు దిద్దొచ్చు, రెండు రోజుల పైచిలుకు దాకా అందరికీ కనపడకుండా తీసేయొచ్చు. కానీ ఈలోగా ముందుకు పంపిన కాపీలు మన చేతిలో ఉండవు. ఇంటి మనిషి నోటినుంచి విన్నవాళ్ళు తప్ప ఇంకెవరూ రాయకూడదన్న నియమం ఒక్కటే మందు.

గ్రూపు ఎలా కట్టాలంటే, ఒకటి కాదు రెండు కట్టాలి. ఒకదాంట్లో అడ్మిన్లు మాత్రమే రాసేలా సెట్టింగు మార్చాలి. గ్రూపు అనుమతుల్లో కొత్త సందేశాలు పంపే అవకాశం సభ్యులకు ఆపేస్తే చాలు. అయిదు తట్ల మనుషులూ, వాళ్ళ మారు మనుషులూ అడ్మిన్లు, అంటే పది మంది. దీన్ని ఎవరూ మ్యూట్ చేయకూడదు. రెండోది కబుర్లకు, గులాబీలకు, రాజకీయాలకు. దాన్ని ఎవరైనా మ్యూట్ చేసుకోవచ్చు, తప్పు పట్టకూడదు. ముఖ్యమైన కబురును మొదటి గ్రూపులో పైన పిన్ చేయాలి. 24 గంటలు, ఏడు రోజులు, ముప్పై రోజులు అని గడువు అడుగుతుంది. చావుకు ఏడు, కర్మకాండ తేదీకి, పెళ్ళికి ముప్పై పెట్టండి. పెద్దవాళ్ళ ఫోన్లలో ఫోటోలు వాటంతటవే దిగడం ఆపేయండి. జాగా నిండిన ఫోనులో ఫోటోలు, వాయిస్‌లు దిగవు. అప్పుడు "మాకేమీ రాలేదు" అన్నది అబద్ధం కాదు.

బ్రాడ్‌కాస్ట్ జాబితాను నమ్ముకునేవాళ్ళకు ఒక హెచ్చరిక: మీ నంబరును తమ ఫోనులో సేవ్ చేసుకోనివాళ్ళకు అది అందదు. పంపినవాళ్ళకు అందరికీ పోయినట్టే అనిపిస్తుంది. సగం అలకలకు మూలం ఇక్కడే దొరుకుతుంది.

ఎంతమంది వస్తారని పోల్ పెడితే అది ఫోన్లను లెక్కపెడుతుంది, మనుషుల్ని కాదు. నలుగురున్న ఇంట్లో మూడు ఫోన్లుంటే మూడు ఓట్లు పడతాయి. "ఇంటికొక్క ఓటు" అని పైన రాసి, ఒక్కరం, ఇద్దరం, ముగ్గురం అని ఎంపికలు పెట్టండి. పన్నెండు దాకా పెట్టనిస్తుంది. కిలో బియ్యం ఎనిమిది నుంచి పది మందికి, అంటే ఇరవై మంది తేడా వస్తే రెండు కిలోల పైనే. వంటాయనకు ఆ తేడా ముందురోజు తెలియాలి.

ఇప్పుడు రాయకూడనివి. పదో తరగతి ఫలితాల రోజు గ్రూపులో ఒక పిల్ల 600కు 580 అని పడితే, ఇంకో ఇంట్లో 410 వచ్చిన పిల్లవాడు ఆ రోజు అన్నం తినడు. పెట్టొద్దని నేననను. ఆ పిల్ల ఇల్లే పెట్టాలి, ఇంకెవరూ "మనోడికెన్ని?" అని కింద రాయకూడదు. ఫోను చేసి అడిగినా అంతే.

ఆడపిల్ల పెద్దమనిషి అయిన సంగతి విషయంలో నేను ఇంకా గట్టిగా ఉంటాను. మన ఊళ్ళల్లో ఫ్లెక్సీ కట్టించేదాకా పోయింది. మేనత్తకు, మేనమామకు, అమ్మమ్మకు ఫోనులో చెప్పడం వరుస ప్రకారం సరైనదే. నూట ఇరవై మంది ఉన్న చోట, పెదనాన్న కొడుకులు, బావలు, వాళ్ళ స్నేహితులు చూసేలా ఆ పిల్ల ఫోటో పెట్టాలంటే ముందు ఆ పిల్లను అడగాలి. తలూపడం ఒప్పుకోవడం కాదు, వద్దనడానికి వీలిచ్చి అడగాలి. వేడుక ఫోటోలు చూడాలనుకునే వాళ్ళు ఇంటికొచ్చి ఆల్బం చూడొచ్చు.

దర్శనం బుకింగుకని అందరి ఆధార్ కార్డుల ఫోటోలూ గ్రూపులో అడగడం ఇంకో దురలవాటు. బుక్ చేసే మనిషికి విడిగా పంపండి, పని అయ్యాక రెండు ఫోన్లలోనూ తీసేయండి.

భాష సంగతి చాలామందికి తట్టదు. తిరుత్తణి 1960 ఏప్రిల్ దాకా చిత్తూరు జిల్లాలోదే, ఆ తర్వాత అప్పటి మద్రాసు రాష్ట్రంలో కలిసింది. అటు తిరుత్తణి, వేలూరు, ఇటు ముళబాగిలు, కోలారు దాకా మన చుట్టాలున్నారు. ఇంట్లో మాట్లాడేది తెలుగే. కానీ పిల్లలు చదువుకున్నది అరవం, కన్నడం. తెలుగు లిపి వాళ్ళకు గీతల్లా కనపడుతుంది. అందుకని ఇంగ్లీషు అక్షరాల్లో తెలుగు రాస్తాం, అక్కడొక గొయ్యి ఉంది. మన యాసలో పోవడం అంటే వెళ్ళడం. "తాత వేలూరు ఆసుపత్రికి పోయినారు" అని రాయబోయి, తొందరలో "తాత ఆసుపత్రి పోయినారు" అని రాస్తే చదివినవాళ్ళు బట్టలు సర్దుకుని బయల్దేరతారు. వెళ్ళడానికి "వెళ్ళారు" అని, చావుకు "కాలం చేశారు" లేదా "చనిపోయారు" అని, రెంటికీ వేర్వేరు మాటలు వాడాలి. రాతతో పాటు ముప్పావు నిమిషం దాటని ఒక వాయిస్ పెట్టాలి. మొదటి మాటే పేరూ ఊరూ కావాలి. "ఏం చెప్పేదబ్బా" అని నిట్టూర్పుతో మొదలుపెడితే, అసలు సంగతి వచ్చేసరికి వినేవాళ్ళ ప్రాణం గొంతులో ఉంటుంది.

వీటన్నిటి వెనకా ఒక నోటుబుక్కు ఉండాలి, కాగితంది. ఇంటికొక పేజీ: మనుషుల పేర్లు, వరుస, ఫోన్లు, ఎవరికి ఏ లిపి వచ్చు, ఎవరికి నేరుగా చెప్పకూడదు, రక్తం గ్రూపు. ఎవరినైనా అర్ధరాత్రి తిరుపతికో వేలూరుకో ఆసుపత్రికి తీసుకుపోయినప్పుడు ఆ చివరిది పనికొస్తుంది. పోయినవాళ్ళ పేజీలో తేదీతో పాటు మాసం, పక్షం, తిథి, పోయిన టైము రాయాలి. ఏడాది మాసికం, తద్దినం తిథినిబట్టి వస్తాయి, ఇంగ్లీషు తేదీకి రావు. తిథి అర్ధరాత్రి మారదు, ఏ గంటకైనా మారొచ్చు. అందుకే టైము రాయకపోతే పదేళ్ళ తర్వాత దశమా ఏకాదశా అని అన్నదమ్ములు వాదించుకుంటారు. ఆ సంవత్సరపు టీటీడీ పంచాంగం ఇంట్లో ఉంటే ఆ రోజే చూసి రాసేయొచ్చు. ఉగాదికి ఒకసారి నంబర్లన్నీ సరిచూసి, పేజీల ఫోటోలు అయిదుగురు తట్టు మనుషులకూ పంపాలి. కొత్త కోడలికీ ఒక ప్రతి ఇవ్వండి. ఆమె గ్రూపులో చేరే ముందు నడిచిన కబుర్లేవీ ఆమెకు తెలియవు, ఎవరి ఇంట్లో ఏ దుఃఖం ఉందో తెలియక అడగకూడనిది అడుగుతుంది.

పోయిన మనిషి నంబరు గ్రూపులో ఉండిపోతుంది. రీఛార్జి లేకపోతే కొన్నాళ్ళకు ఆ నంబరు మూతపడి, తర్వాత ఇంకెవరికో పోతుంది. మన ఇంటి కబుర్లు ఉన్న చోట ఎవరో తెలియని మనిషి నంబరు మిగులుతుంది. కాబట్టి తీయాలి. కానీ అడ్మిన్ తీయగానే "ఫలానా వారిని తొలగించారు" అని ఒక గీత గ్రూపులో అందరికీ కనపడుతుంది. ఏడాది మాసికం దాకా ఆ సిమ్ కొడుకో కూతురో రీఛార్జి చేయించి ఉంచుకోవచ్చు. ఆ తర్వాత తీసే రోజు ముందు ఆ ఇంటికి ఫోను చేసి, పెద్దమ్మకో పెద్దనాయనకో చెప్పి, అప్పుడు తీయండి.